డ్రమ్ము ముందు చెప్పులు

పెద్దక్క నదిలో దూకలేదు. సినిమాలో దూకింది. మీలో చాలామంది ఆ సినిమా చూసి కళ్ళు తుడుచుకునే ఉంటారు, కాలేజీ పిల్లలైతే రెండోసారి కూడా వెళ్ళి ఉంటారు. ఏడ్చినందుకు నేను తప్పుపట్టను. కాని ఎవరి కోసం ఏడ్చారో, ఆమె ఎలా చచ్చిపోయిందో తెలుసుకుని ఏడవండి. అందుకే ఇది చెబుతున్నాను.

మేం పనిచేసేది లాండ్రీలో. వీధి చివర ఇస్త్రీ కొట్టు కాదు. నగరంలోని పెద్ద హోటళ్ళ దుప్పట్లూ తువ్వాళ్ళూ వ్యాన్లలో వచ్చి గుట్టలుగా పడే రేకుల షెడ్డు. ఉతికే డ్రమ్ము ఒక్కోటి చిన్న గదంత ఉంటుంది. మేమంతా పుట్టినప్పుడు మగపిల్లలని పేర్లు పెడితే, కాదు మేం ఆడవాళ్ళమని చెప్పి, ఇంట్లోంచీ ఊళ్ళోంచీ చివరికి దేశంలోంచీ గెంటించుకున్నవాళ్ళం. సరిహద్దు దాటి ఇక్కడికొచ్చి పడ్డాం. మా కాగితాల్లో ఉన్న మనిషి మేం కాదు, మేమైన మనిషికి కాగితం లేదు. కాంట్రాక్టరుకి ఇలాంటి వాళ్ళంటేనే ముద్దు. ఎంత కూలి ఇచ్చినా నోరెత్తరు, ఒళ్ళు కాలినా ఆసుపత్రికి పోరు.

దుప్పట్లు తడిసి తిరిగితే ఒకదానికొకటి పెనవేసుకుని తాడులా బిగుసుకుంటాయి. అప్పుడు డ్రమ్ము ఆపి ఒక మనిషి లోపలికి దిగి ఆ ముడి విప్పాలి. తలుపు తెరిచి ఉండగా డ్రమ్ము తిరగకుండా ముందు ఒక తాళం ఉండేది. దాన్ని తీసి వేసే లోపల పని వెనకబడుతోందని కాంట్రాక్టరు పీకించేశాడు. తాళం పోయాక మాతో పనిచేసే పెద్దక్క మాకో పద్ధతి పెట్టింది. లోపలికి దిగేవాళ్ళు డ్రమ్ము నోటి ముందు చెప్పులు విడవాలి, ముందు వైపు బయటికి చూసేలా. చెప్పులు కనిపించినంతసేపు లోపల మనిషి ఉన్నట్టు. ఎవడు కేకలేసినా, కొంపలు మునిగినా మీట ముట్టుకోకూడదు. కొత్తగా పనికొచ్చినవాళ్ళకి మేం నేర్పే మొదటి పాఠం అదే. మేం మామా అని పిలిచే బాయిలరు మనిషి, బావా అని పిలిచే వ్యాను డ్రైవరు, సరుకు దించే మగవాళ్ళు, అందరూ ఆ పద్ధతికి కట్టుబడ్డారు.

ఆ రోజు పొద్దున హోటలు పెద్దమనుషులు షెడ్డు చూడ్డానికి వస్తున్నారన్నారు. సూపర్వైజరు కాళ్ళకింద నిప్పులు పోసుకున్నట్టు తిరుగుతున్నాడు. నేను ఇస్త్రీ బల్ల దగ్గర ఉన్నాను. పెద్దక్క మూడో డ్రమ్ములోకి దిగడం చూశాను. నీలం చెప్పులు, ఎడమదానికి తెగిన పట్టీ ఇనప తీగతో కట్టి ఉంటుంది. సూపర్వైజరు వచ్చి దారిలో ఈ చెత్తేంటని వాటిని కాలితో మూలకి నెట్టాడు. తెరిచి ఉన్న తలుపు భుజంతో నెట్టి మూశాడు. లోపలికి తొంగి కూడా చూడలేదు. అప్పుడే మీట దగ్గరికొచ్చిన పిట్టకి చెయ్యి ఊపి కానీ కానీ అన్నాడు. ఆరబెట్టే మిషన్ల హోరులో నేను అరిచింది నాకే వినబడలేదు.

పిట్ట మాలో అందరికన్నా చిన్నది. సన్నగా ఉంటుందని ఆ పేరు పెట్టాం. దానికి తిండి పెట్టిందీ, జడ వెయ్యడం నేర్పిందీ, పనిలో పెట్టిందీ పెద్దక్కే. పిట్ట నేర్చుకున్న పద్ధతి తప్పలేదు. డ్రమ్ము నోటివైపు చూసింది. చెప్పులు లేవు. మీట నొక్కింది.

మేం పరిగెత్తుకెళ్ళి ఆపేసరికి ఆలస్యమైపోయింది. ఆ తర్వాత చూసింది నేను చెప్పను, చెప్పలేను.

కాంట్రాక్టరు కారులో వచ్చాడు. మా మీద అరవలేదు, చెయ్యి చేసుకోలేదు. నీళ్ళు తాగమన్నాడు. ఆ మర్యాద చూసే నాకు భయమేసింది. పిట్టని పక్కన నిలబెట్టుకుని, దాని తల మీద చెయ్యి వేసి, అందరికీ వినబడేలా చెప్పాడు.

“మనిషి లోపలుండగా మిషను వేసింది ఇది. పోలీసులకి చెబితే దీన్ని హత్య కింద లోపలేస్తారు. మగాళ్ళ జైల్లో పెడతారు, తెలుసుగా. మిగతావాళ్ళని సరిహద్దు దాటిస్తారు. నేను మాత్రం ఎంతమందినని కాపాడను?”

మగాళ్ళ జైలన్న మాటకి పిట్ట నిలబడ్డచోటే కూలబడింది. అప్పటికి మాకందరికీ ఒకటే అర్థమైంది. నోరు తెరిస్తే పోయేది పిట్ట.

పెద్దక్కని దుప్పట్ల వ్యానులోనే తీసుకుపోయారు. బావని బెదిరించి నడిపించారు. నది ఒడ్డున దొరికిన శవమైంది పెద్దక్క. మా అందరిలో వయసులో పెద్దదైన పిన్నిని స్టేషనుకి పిలిపిస్తే, కొన్నాళ్ళుగా దిగులుగా ఉంటోందని, బతకాలని లేదని అనేదని, కాంట్రాక్టరు నేర్పిన మాటలే అప్పజెప్పి వచ్చింది. పోలీసులు ఒక్క ప్రశ్న కూడా ఎదురు వెయ్యలేదు. ఇలాంటివాళ్ళు దూకుతూనే ఉంటారని ఒకడు అన్నాడట. ఒంటి మీది దెబ్బలు ఎవరికీ కనబడలేదు. ఒంటి మీది బట్ట తీసి చూసి నవ్వుకోవడానికి మాత్రం తీరిక దొరికింది. పాతిపెట్టేటప్పుడు పలక మీద పెద్దక్క ఎప్పుడో వదిలేసిన మగపేరు రాశారు.

మర్నాడు మళ్ళీ అదే డ్రమ్ములో దుప్పట్లు ఉతికాం. ఆ దుప్పట్ల మీదే పెద్దమనుషులు పడుకున్నారు.

డైరెక్టరు వచ్చింది ఆ తర్వాత. సరిహద్దు దాటి వచ్చిన మాలాంటివాళ్ళ కష్టాలు లోకానికి చూపిస్తానన్నాడు. మంచివాడు, అబద్ధం చెప్పకూడదు. మా గదికి వచ్చి నేల మీద కూర్చునేవాడు, మా గ్లాసుల్లోనే టీ తాగేవాడు, అమ్మా అని పిలిచేవాడు. మమ్మల్ని అమ్మా అన్న మొదటి చదువుకున్నవాడని పిన్ని మురిసిపోయింది. అతను కెమెరా ఎత్తుకుని మీ బాధ చెప్పండి అనేవాడు. ఇంట్లోంచి ఎలా గెంటారు, ఎవర్ని ప్రేమించారు, ఎవరు మోసం చేశారు, ఇవే కావాలి. వేడి ఆవిరికి చర్మం ఊడిపోతోందని చెబితే కెమెరా నెమ్మదిగా కిందికి దిగేది. ప్రేమ అనగానే పైకి లేచేది. మాకు ఒళ్ళంతా ప్రేమే తప్ప చేతులూ కాళ్ళూ లేవనుకున్నాడేమో. బావ మాత్రం, “మరదలా, నాలుగు ప్రేమకథలు కల్పించి చెప్పవే, ఇద్దరం హీరో హీరోయిన్లమైపోతాం” అని నన్ను ఆట పట్టించేవాడు.

సినిమాకి షెడ్డు ఇచ్చింది కాంట్రాక్టరు. పెట్టుబడిలో సగం కూడా ఆయనదే. ఆ సంగతి మాకు చాలా రోజుల వరకు తెలియదు.

పిట్టకి మాత్రం ఒక ఆశ పట్టుకుంది. పెద్దక్క ఎలా పోయిందో మనం నోటితో చెప్పకూడదు కదా, చెప్పుల సంగతి చెబుదాం, చదువుకున్నవాడు, మిగతాది ఆయనే అర్థం చేసుకుంటాడంది. మాకూ నిజమే అనిపించింది. డ్రమ్ము ముందు చెప్పులు ఎందుకు విడుస్తామో, ముందు వైపు ఎటు పెడతామో, అన్నీ కూర్చోబెట్టి చెప్పాం. పెద్దక్క నీలం చెప్పులు చేతిలో పెట్టాం. ఇది వింటే ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న ఒకటే అనుకున్నాం. మరి ఆ రోజు చెప్పులు ఎవరు తీశారు? షెడ్డులో పనిచేసేవాడెవడైనా అదే అడుగుతాడు. లోకమంతా షెడ్డులోనే పనిచేస్తుందనుకున్నాం, అదే మా పొరపాటు.

అతను ఆ చెప్పుల్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎంత అందమైన విషయం అన్నాడు. సినిమాకి వాడుకుంటాను, జాగ్రత్తగా తిరిగి ఇస్తానని పట్టుకుపోయాడు.

కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం మమ్మల్ని నది ఒడ్డుకి తీసుకెళ్ళారు. శవాన్ని చూసి ఏడవాలన్నారు. ఒడ్డున రాతి మీద ఆ నీలం చెప్పులు పెట్టి ఉన్నాయి, ముందు వైపు నీళ్ళకేసి. పెద్దక్క వేషం కట్టిన పేరున్న నటుడు, ప్రేమించినవాడు వదిలేసి పోతే చెప్పులు విడిచి నీళ్ళలోకి నడుచుకుంటూ పోతాడట. డైరెక్టరు ఏడవండి అన్నాడు. మేం ఏడిచాం. అది మాత్రం ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. బాగా వచ్చిందని చప్పట్లు కొట్టి అందరికీ టీలు ఇప్పించారు. నేను దగ్గరికెళ్ళి, ఆ చెప్పులు అక్కడివి కావండీ అన్నాను. తెలుసమ్మా, ఇది కళ కదా అన్నాడు.

ఆ సాయంత్రం మా గదిలో జరిగింది మీటింగో, పోట్లాటో నాకే తెలియదు. బాయిలరు మామా, బావా, సరుకు దించేవాళ్ళూ వచ్చారు. గదిలో చోటు చాలక కొందరు మెట్ల మీద కూర్చున్నారు. సినిమా మొదటి ఆటకి కాంట్రాక్టరూ, పోలీసు పెద్దలూ, పత్రికలవాళ్ళూ వస్తారు, మమ్మల్ని ముందు వరసలో కూర్చోబెట్టి స్టేజీ ఎక్కిస్తారని డైరెక్టరు ముందే చెప్పాడు. అక్కడే నిజం చెప్పెయ్యాలని మామ అన్నాడు. పిన్ని అడ్డం పడింది.

“చెప్పేది మీరు, పోయేది పిట్ట. పెద్దక్క ఎలాగూ తిరిగి రాదు. సినిమాలో దూకితే ఏం, ఎగిరితే ఏం? ఉన్న ఒక్కదాన్నీ చంపుకుంటారా?”

బావ తల వంచుకుని, వ్యాను నడిపినందుకు నాకూ శిక్ష పడుతుంది, దానికి సిద్ధమే, కాని పిట్ట మాటేంటి అన్నాడు. సరుకు దించే ఒకడు, మీ గొడవలోకి మా ఉద్యోగాలెందుకు లాగుతారు, మీరు వేరు మేం వేరు అన్నాడు. మామకి ఒళ్ళు మండింది. రేపు ముడి విప్పడానికి నిన్ను దించితే డ్రమ్ము నువ్వు ఎవరని అడిగి తిరుగుతుందా అన్నాడు. ఇలా గది వేడెక్కిపోతుంటే, అంతవరకూ గోడకానుకుని కూర్చున్న పిట్ట నోరు విప్పింది.

“నేను రోజూ అదే మీట నొక్కుతున్నాను పిన్నీ. నొక్కిన ప్రతిసారీ అక్కని మళ్ళీ చంపినట్టే ఉంటోంది. నన్ను కాపాడుతున్నామని మీరంతా వాణ్ణి కాపాడుతున్నారు. నేను చెప్పేస్తాను. మీరు వెనక నిలబడితే చాలు.”

పిన్ని లేచి, నేను నిలబడను, మీ చావు మీరు చావండి అని బయటికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత మొదటి ఆట రోజు వరకూ మాతో మాట్లాడలేదు. వండిన అన్నం మాత్రం మా అందరికీ కంచాల్లో పెట్టి, మూతలు వేసి ఉంచేది.

మొదటి ఆట చల్లటి పెద్ద హాల్లో. కుర్చీలు మా పరుపులకన్నా మెత్తగా ఉన్నాయి. మాకు కొత్త బట్టలు ఇచ్చారు. పిన్ని కూడా వచ్చింది, మాకు దూరంగా చివరి కుర్చీలో కూర్చుంది. తెర మీద మొదట పడింది కాంట్రాక్టరు పేరు. ఆటంతా జనం ముక్కులు ఎగబీలుస్తూనే ఉన్నారు. సినిమాలో షెడ్డు చాలా శుభ్రంగా ఉంది, ఆవిరి కూడా అందంగా ఉంది. సూపర్వైజరు లేడు. కాంట్రాక్టరు లేడు. మా కష్టాలకి కారణం ఒక ప్రేమికుడూ, ఒక తండ్రీ, కొంచెం విధీ. చివర్లో నది ఒడ్డున నీలం చెప్పులు కనిపించగానే మా వెనక వరసలో ఒకావిడ వెక్కి వెక్కి ఏడిచింది. ఆవిడ మీద నాకు కోపం రాలేదు. ఆవిడని అలా ఏడిపించినవాళ్ళ మీద వచ్చింది.

దీపాలు వెలిగాయి. నటుడు ఆడదానిలా నడవడం నేర్చుకోవడానికి ఎంత కష్టపడ్డాడో ఒకాయన చెప్పాడు. కాంట్రాక్టరు, వీళ్ళు నా పిల్లల్లాంటివాళ్ళన్నాడు. డైరెక్టరు మమ్మల్ని పైకి పిలిచి, నీలం చెప్పుల్ని గాజుపెట్టెలో పెట్టి పిట్ట చేతికిచ్చి, రెండు మాటలు చెప్పమ్మా అన్నాడు.

పిట్ట పెట్టె మూత తీసింది. చెప్పుల్ని స్టేజీ మధ్యలో కింద పెట్టింది, ముందు వైపు బయటికి చూసేలా. మైకు దగ్గరికొచ్చింది. కాంట్రాక్టరు వైపు చెయ్యి చూపించింది.

“మా అక్క నదిలో దూకలేదు. ఈయన షెడ్డులో మూడో డ్రమ్ములో చచ్చిపోయింది. మీట నొక్కింది నేను. నేను చూసినప్పుడు ఈ చెప్పులు అక్కడ లేవు. సూపర్వైజరు కాలితో తన్నేశాడు. తాళం ఈయన పీకించాడు. నన్ను పట్టుకోండి. కాని మీట నేనొక్కదాన్నే నొక్కలేదు.”

కొందరు ఇది కూడా సినిమాలో భాగమనుకుని చప్పట్లు కొట్టారు. కాంట్రాక్టరు నవ్వుతూనే మైకు అందుకోబోయాడు, పాపం మనసు బాగోలేదు, దుఃఖంలో ఏదో అంటోందన్నాడు. అప్పుడు బావ కింద నుంచి లేచి, శవాన్ని నది దగ్గరికి తీసుకెళ్ళిన వ్యాను నడిపింది నేనని అరిచాడు. మామ లేచాడు, తాళం పీకించడం చూశానన్నాడు. నేను పిట్ట పక్కకి వచ్చి చెప్పాను, చెప్పులు నెట్టడం చూశానని. సరుకు దించేవాళ్ళు లేచారు, మీరు వేరు మేం వేరు అన్నవాడు కూడా. చివరి కుర్చీలోంచి పిన్ని నెమ్మదిగా నడుచుకుంటూ స్టేజీ దాకా వచ్చింది. ఆమె మోకాళ్ళ నొప్పుల మనిషి, మెట్లు ఎక్కలేక కిందే నిలబడి చెప్పింది.

“పోలీసులకి అబద్ధం చెప్పింది నేను. నా చేత చెప్పించింది వీడు. దాన్నొక్కదాన్నే తీసుకుపోతే ఊరుకోను.”

పోలీసులు ఊరుకోలేదు. పిట్టనీ, పిన్నినీ, బావనీ పట్టుకున్నారు. తలుపుల దగ్గర జనం తోసుకున్నారు, ఎవడో పిట్ట జుట్టు పట్టి లాగాడు. వెనక వరసల్లోంచి కాలేజీ పిల్లలు కొందరు దిగొచ్చి అడ్డం నిలబడ్డారు, లాఠీ దెబ్బలు తిన్నారు. కాంట్రాక్టరు పక్క గుమ్మంలోంచి కారెక్కి ఇంటికెళ్ళాడు. డైరెక్టరు నా దగ్గరికొచ్చి, ముందే చెప్పి ఉంటే నేను ఇదే తీసేవాణ్ణి కదమ్మా అన్నాడు. చెప్పులు మీ చేతిలో పెట్టాం కదా, ఇంకెలా చెప్పాలి అన్నాను. అతను మళ్ళీ మా గదికి రాలేదు. సినిమాకి బహుమతి వచ్చిందని విన్నాను.

నీలం చెప్పులు నేను తెచ్చేసుకున్నాను.

మర్నాడు పొద్దున షెడ్డుకి మిగిలినవాళ్ళం అందరం వెళ్ళాం. మీటింగు పెట్టలేదు, ఎవరూ ఎవరికీ చెప్పలేదు. నేను మూడో డ్రమ్ము ముందు పెద్దక్క చెప్పులు పెట్టాను. పక్క డ్రమ్ము ముందు ఇంకొకామె తనవి విడిచింది. ఇస్త్రీ బల్లల ముందు, ఆరబెట్టే మిషన్ల ముందు, బాయిలరు ముందు, వ్యాను చక్రాల ముందు చెప్పులు. సరుకు దించేవాళ్ళ అరిగిన బూట్లు గుమ్మం దగ్గర వరసగా ఉన్నాయి. అందరం తడి నేల మీద ఒట్టికాళ్ళతో నిలబడ్డాం. దుప్పట్లు గుట్టలుగా పడి కంపు కొడుతున్నాయి.

సూపర్వైజరు వచ్చి బూతులు తిట్టాడు, పీకేస్తానన్నాడు, సరిహద్దు దాటిస్తానన్నాడు. ఎవరూ కదలలేదు. మూడో డ్రమ్ము దగ్గరికెళ్ళి కాలు ఎత్తాడు. ఆ కాలు గాల్లో ఉండగానే షెడ్డులోని మనుషులంతా ఒక అడుగు ముందుకేశాం. కాలు దించేశాడు.

“డ్రమ్ములు ఖాళీగానే ఉన్నాయి కదరా, ఏంటీ వేషాలు?” అన్నాడు.

“లోపల మనిషి ఉంది,” అన్నాడు బాయిలరు మామ.

“ఎక్కడ లోపల?”

“స్టేషన్లో.”

ఆ రోజు నగరంలో ఏ పెద్ద హోటలుకీ ఉతికిన దుప్పటి వెళ్ళలేదు. మూడో రోజుకి నది అవతలి లాండ్రీల్లో కూడా చెప్పులు విడిచారని కబురొచ్చింది. అక్కడివాళ్ళు మాలాంటివాళ్ళు కారు. మామూలు ఆడవాళ్ళు, మగవాళ్ళు, ఇక్కడే పుట్టినవాళ్ళు. వాళ్ళ డ్రమ్ములకీ తాళాలు లేవట. నిన్న మాలో కొందర్ని బండెక్కించి సరిహద్దుకి పంపేశారు, వాళ్ళ చెప్పులు ఎక్కడివక్కడే ఉంచాం. పిట్టనీ పిన్నినీ మగాళ్ళ గదిలోనే పెట్టారని తెలిసింది.

ఇవాళ సాయంత్రం స్టేషను ముందుకి వెళ్తున్నాం. జెండాలూ మైకులూ లేవు. గేటు ముందు చెప్పులు విడిచి, ముందు వైపు బయటికి పెట్టి కూర్చుంటాం, పిట్టా, పిన్నీ, బావా బయటికొచ్చినప్పుడు కాళ్ళు పెట్టుకోవడానికి. పెద్దక్క నీలం చెప్పులు అందరికన్నా ముందు ఉంటాయి. మీరు రావాలనుకుంటే రండి, ఏం తేనక్కర్లేదు. వేసుకున్నవి విడిస్తే చాలు.